అమ్మను అడిగారా?

బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చిన రోజున నేను చేసిన మొదటి పని ఒక అబద్ధానికి ఏర్పాటు చేయడం. బరువు చూడడానికి నర్సు అమ్మను పక్కగదిలోకి తీసుకువెళ్ళగానే నేను కుర్చీలో ముందుకు జరిగి, గొంతు తగ్గించి, డాక్టరుగారితో చెప్పాను. "అమ్మ దగ్గర క్యాన్సర్ అన్న మాట ఎత్తకండి మేడమ్. 71 ఏళ్ళు. తట్టుకోలేదు. గడ్డ ఉంది, తీసేయాలి అంటే చాలు. మిగిలినదంతా నేను చూసుకుంటాను." ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా విన్నారు. కోప్పడలేదు, హితబోధ చేయలేదు. "అమ్మను అడిగారా?" అన్నారు. ఏం అడగాలో నాకు అర్థం కాలేదు. "తన జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అమ్మను ఎప్పుడైనా అడిగారా?" అని మళ్ళీ అన్నారు.

అడగలేదు. ఆ ప్రశ్న వినపడి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో అమ్మకు చికిత్స జరుగుతున్నంతసేపూ నేను చేసిన పొరపాట్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటే, ప్రతిదాని వెనుకా ఈ అడగకపోవడమే కనిపిస్తుంది. వయసు మళ్ళిన తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు పిల్లలం డబ్బు, సమయం, నిద్ర అన్నీ ఇవ్వడానికి సిద్ధపడతాం. నిర్ణయాన్ని మాత్రం ఆమె చేతిలోనుంచి మెల్లగా తీసేసుకుంటాం, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం. ఆ పని తప్పని, అది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదని, చికిత్స ఫలితాన్ని కూడా దెబ్బతీస్తుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నిజం దాచాలన్న కోరిక ఏ ఒక్క దేశానిదో, ఏ ఒక్క కుటుంబానిదో కాదు. 1961లో అమెరికాలోని ఒక ఆసుపత్రిలో డాక్టర్లను అడిగినప్పుడు, క్యాన్సర్ రోగికి ఆ సంగతి చెప్పకుండా ఉండడానికే ఇష్టపడతామని సుమారు 90 శాతం మంది అన్నారు. 1979లో అదే ప్రశ్న మళ్ళీ వేస్తే, చెప్పడానికే ఇష్టపడతామని 97 శాతం మంది అన్నారు. పద్దెనిమిదేళ్ళలో మనుషుల గుండెలు గట్టిపడిపోయి ఉండవు. నిజం వింటే రోగి తట్టుకోలేడన్న నమ్మకానికి ఆధారం లేదని ఈలోగా వైద్యులకు అర్థమైంది. చికిత్సలు పెరిగి, చెప్పడానికి చేతిలో ఏదో ఒక ఆశ ఉండడం కూడా వాళ్ళకు ధైర్యం ఇచ్చి ఉంటుందని నేను అనుకుంటాను. ఇళ్ళలోని పిల్లలు మాత్రం చాలామంది ఇంకా 1961లోనే ఉన్నారు. నేనూ ఉన్నాను.

అమ్మ తిరిగి వచ్చి కూర్చున్నాక డాక్టరుగారు నావైపు చూడకుండా ఆమెనే అడిగారు. "అమ్మా, పరీక్షలో ఏం తేలిందో మీకే వివరంగా చెప్పమంటారా, మీ అబ్బాయికి చెబితే చాలంటారా?" అమ్మ కాసేపు తన చేతులవైపు చూసుకుంది. "నాకే చెప్పండి. గడ్డ చేతికి తగిలిన రోజునే అనుకున్నాను. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. వీడు తట్టుకోలేడని" అన్నది. నేను ఏ మాటతో ఆమెకు నిజం దాచబోయానో, అదే మాటతో ఆమె నాకు మూడు నెలలు దాచింది. ఆ మూడు నెలలు ఆమె ఒక్కతే ఆ గడ్డతో పడుకొని లేచింది. ఒకరినొకరు కాపాడుకోవడానికి ఒకరికొకరు నోరు మూసుకునే ఇంట్లో జబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

అమ్మ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు భయం ఒక్కటే జవాబు కాదు. ఆ అవయవం పేరు మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ పలకలేదు. 'రొమ్ము విరుచుకొని నిలబడ్డాడు' అని మగవాడి ధైర్యం గురించి ఎంత నిస్సంకోచంగా రాస్తాం! అదే మాట ఆడమనిషి శరీరం గురించి అనవలసి వచ్చేసరికి గొంతులో ఆగిపోతుంది. కొడుకు తల్లితో అనవలసి వస్తే ఇక చెప్పనక్కరలేదు. మొదటి రెండు వారాలు నేను 'అది', 'అక్కడ', 'ఆ గడ్డ' అంటూ నెట్టుకొచ్చాను. ఫోనులో అక్కతో మాట్లాడేటప్పుడు కూడా అంతే. పేరు లేని చోట నొప్పి వస్తే ఎలా చెబుతారు? ఆపరేషన్ తరువాత కుట్టు దగ్గర ఎర్రబడిందా, నీరు చేరిందా, చంకలో తిమ్మిరిగా ఉందా అని అడగవలసిన రోజుల్లో నేను "అంతా బాగానే ఉందా అమ్మా?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాడిని. ఆమె "బాగానే ఉంది" అనేది. ఆ జవాబుకు అర్థం లేదని ఇద్దరికీ తెలుసు. చివరికి ఒక సాయంత్రం, రిపోర్టులో ఉన్న మాటలను ఉన్నట్టుగా పైకి చదివి వినిపించమని అమ్మే నన్ను అడిగింది. ఎడమ రొమ్ము, పైభాగం, 14 మిల్లీమీటర్లు. చదివాను. ఆ తరువాత మాట్లాడుకోవడం సులువైంది. సేవలో మొదటి మెట్టు ఆ అవయవాన్ని దాని పేరుతో పిలవడమే అని నేను ఇప్పుడు ఎవరికైనా చెబుతాను, ముఖ్యంగా కొడుకులకు.

ఇక ఆపరేషన్ సంగతి. రొమ్ము మొత్తం తీసేస్తే పీడ విరగడవుతుందని నేను అనుకున్నాను. అక్కతో అన్నాను కూడా. 'ఈ వయసులో ఉంటే ఎంత, పోతే ఎంత' అన్న మాట నా నోటినుంచే వచ్చింది. ఇన్ని మాటల్లో నేను అందరికన్నా ఎక్కువ సిగ్గుపడే మాట అదే. ఆ ఆలోచన చాలా పాతది. 1890లలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్మును, దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత భద్రత అన్న ఆ నమ్మకం ఆ తరువాత చాలా దశాబ్దాలపాటు నడిచింది. దానిని బెర్నార్డ్ ఫిషర్ అనే మరో సర్జన్ ప్రశ్నించాడు. 1976లో మొదలైన ఆయన పరిశోధనలో కొందరికి రొమ్ము మొత్తం తీసేశారు, కొందరికి కణితిని మాత్రం తీశారు, మరికొందరికి కణితి తీసి రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్ళ తరువాతి ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బతికి ఉన్నవారి నిష్పత్తిలో ఆ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే నేను ఆమె మేలు కోరుతున్నాననుకొని చెప్పిన మాటకు వైద్యపరంగా కూడా పునాది లేదు. సర్జన్ రెండు దారులూ వివరించినప్పుడు అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఉంచడానికి వీలుంటే ఉంచండి. నా ఒంట్లోది కదా" అన్నది. 71 ఏళ్ళ మనిషికి తన శరీరంతో అనుబంధం తీరిపోయి ఉంటుందని నాకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

కణితిని, జబ్బు పాకితే ముందుగా చేరే చంకలోని రెండు గ్రంథులను తీసి పరీక్షించారు. గ్రంథులలో జబ్బు లేదు. కణితికి హార్మోన్ గ్రాహకాలు ఉన్నాయి, అంటే అది ఒంట్లోని హార్మోన్లను అందుకొని పెరిగే రకం. కొన్ని కణితులను వేగంగా పెంచే హెర్2 అనే ప్రోటీన్ మాత్రం ఎక్కువగా లేదు. పెద్ద వయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకానివే. కణితిలోని 21 జన్యువులను చూసి, జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని ఒక స్కోరుగా చెప్పే పరీక్ష చేయించారు. ఇలాంటి కణితి ఉండి, ఆ స్కోరు 25 దాటని, 50 ఏళ్ళు పైబడినవారికి కీమోతెరపీ వల్ల అదనపు ప్రయోజనం లేదని 2018లో తేలింది. అమ్మ స్కోరు తక్కువ. కీమో అక్కరలేదన్నారు.

నాకు కొండంత బరువు దిగింది. అయితే ఆ ఊరటలోనూ ఒక తప్పుడు లెక్క ఉంది, దానిని ఇక్కడ ఒప్పుకోవాలి. స్కోరు ఎక్కువ వచ్చి ఉన్నా 'ఈ వయసులో కీమో వద్దు' అనడానికి నేను ముందే సిద్ధమై ఉన్నాను. వయసు అన్న ఒక్క అంకెను చూసి చికిత్స తగ్గించేయడం కూడా నిర్ణయాన్ని లాక్కోవడమే. 65 ఏళ్ళు పైబడిన 633 మంది స్త్రీల మీద చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. పెద్దవాళ్ళు కదా, సులువుగా ఉంటుందని కొందరికి మామూలు కీమోకు బదులు కేపసైటబిన్ మాత్రలు ఇచ్చారు. మాత్రలు తీసుకున్నవారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు రెట్టింపు అయింది. జాలిపడి మందు తగ్గిస్తే, ఆ జాలికి మూల్యం రోగి చెల్లిస్తుంది. అవసరమైన చోట పూర్తి చికిత్స, అక్కరలేని చోట సంయమనం. ఈ రెండింటినీ వేరు చేయడానికి పుట్టిన తేదీ చాలదు, మనిషిని చూడాలి.

మనిషిని చూడడానికి ఒక పద్ధతి ఉన్నదని కూడా నాకు అక్కడే తెలిసింది. పెద్దవయసు రోగులకు చికిత్స మొదలుపెట్టే ముందు నడక, పడిపోవడాలు, జ్ఞాపకశక్తి, బరువు తగ్గడం, మనసు స్థితి, వేసుకునే మందులు, ఇంట్లో తోడు ఎవరు అన్నవన్నీ వరుసగా పరిశీలిస్తారు. ముదిరిన క్యాన్సర్ ఉన్న, 70 ఏళ్ళు దాటిన 718 మందిమీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఈ పరిశీలన ఫలితాలను డాక్టర్లకు అందించిన చోట తీవ్రమైన దుష్ప్రభావాలు 51 శాతం మందికి వచ్చాయి, అందించని చోట 71 శాతం మందికి వచ్చాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. రోగిని శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు, అంతే.

ఆ ప్రశ్నలు అమ్మను అడుగుతుంటే జవాబులు నేను చెబుతూ పోయాను. "గత ఆరు నెలల్లో ఎప్పుడైనా పడ్డారా?" అన్నారు. "లేదండీ" అన్నాను. "రెండుసార్లు పడ్డాను" అన్నది అమ్మ. ఒకసారి స్నానాల గదిలో, ఇంకొకసారి తెల్లవారుజామున మంచం దిగుతుండగా. నిద్రమాత్ర వేసుకుంటున్నదన్న సంగతీ అప్పుడే బయటపడింది. ఆ మాత్ర నా దగ్గర ఉన్న మందుల జాబితాలో లేదు. ఈ వివరాలు చిన్నవి కావు. రుతుక్రమం ఆగిపోయిన స్త్రీలకు ఈ రకం క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ వంటి మాత్రలు ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారీని బాగా తగ్గించేస్తాయి, దానివల్ల ఎముకలు పలచబడతాయి. పడే అలవాటున్న మనిషికి పలచబడిన ఎముకలు తోడైతే తుంటి విరగడానికి ఎంతో దూరం ఉండదు. నా "లేదండీ" అక్కడే నిలబడి ఉంటే ఎముకల సాంద్రత పరీక్ష, కాల్షియం, విటమిన్ డి, నిద్రమాత్ర మానడం, ఇవేవీ సమయానికి జరిగి ఉండేవి కావేమో. తల్లి తరఫున మాట్లాడే కొడుకు ఆమె గురించి తనకు తెలిసినదే చెప్పగలడు. ఆమె దాచుకున్నది చెప్పలేడు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు నడిచిన చర్చ రేడియేషన్ గురించి. అప్పటికి నేను వైద్య పరిశోధనలు చదవడం నేర్చుకున్నాను. 70 ఏళ్ళు దాటి, చిన్న కణితి, హార్మోన్ గ్రాహకాలు ఉన్న స్త్రీలలో కణితి తీసేసి, ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రలు వేస్తే రేడియేషన్ కూడా అవసరమా అని 636 మంది మీద పరిశీలించారు. 10 ఏళ్ళకు రేడియేషన్ తీసుకోనివారిలో 10 శాతం మందికి, తీసుకున్నవారిలో 2 శాతం మందికి ఆ రొమ్ములోనో చుట్టుపక్కల గ్రంథుల్లోనో జబ్బు తిరిగి వచ్చింది. ఆయుర్దాయంలో మాత్రం తేడా లేదు. 65 ఏళ్ళు దాటిన 1,326 మంది మీద చేసిన మరో పరిశోధన 10 ఏళ్ళ ఫలితాలు 2023లో వచ్చాయి. అక్కడ ఆ రొమ్ములోనే జబ్బు తిరిగి వచ్చినవారు రేడియేషన్ లేనివారిలో 9.5 శాతం, ఉన్నవారిలో 0.9 శాతం. రెండు గుంపుల్లోనూ బతికి ఉన్నవారు ఇంచుమించు 81 శాతం. కాబట్టి అమ్మకు రేడియేషన్ అక్కరలేదని నేను తేల్చేశాను. అక్క ఒప్పుకోలేదు. "ఉన్న చికిత్సల్లో ఏ ఒక్కటీ వదలొద్దు, రేపు మనల్ని మనం క్షమించుకోలేం" అన్నది. మేమిద్దరం వారం రోజులపాటు ఫోనులో వాదించుకున్నాం. అక్క మాటలో భయం ఉంది, నా మాటలో అంకెలున్నాయి. కాబట్టి నాదే సరైన పక్షం అనుకున్నాను.

ఆ వారమంతా అమ్మ పక్కగదిలోనే ఉంది.

చివరికి ఒక కాగితం మీద వంద సున్నాలు గీసి, పదింటిని నల్లగా దిద్ది, అమ్మ ముందు పెట్టాను. రేడియేషన్ లేకపోతే వందమందిలో పదిమందికి తిరిగి రావచ్చు, ఉంటే ఒకరిద్దరికి, ప్రాణం విషయంలో మాత్రం తేడా లేదు అని వివరించాను. ఆమె ఆ నల్ల సున్నాలను వేలితో లెక్కపెట్టింది. "ఈ పదిమందికీ మళ్ళీ ఆపరేషనా?" అన్నది. చాలామందికి అవసరం కావచ్చన్నాను. "మాత్రలు ఎన్నాళ్ళు?" అయిదేళ్ళు. "మాత్రలు సరిగా వేసుకోకపోతే ఈ లెక్క ఇలాగే ఉంటుందా?" ఉండదు. ఈ లెక్కంతా మాత్రలు వేసుకుంటారన్న షరతు మీద కట్టినదే. అమ్మ కాగితం మడిచింది. "నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ మందుకు కీళ్ళనొప్పులు వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. అయిదేళ్ళు వేసుకోగలనో లేదో ఇప్పుడు మాట ఇవ్వలేనురా. మూడు వారాలు వెళ్ళి రమ్మంటే వెళ్ళి రాగలను. ఇంకో ఏడేళ్ళకు మళ్ళీ కత్తి కిందికి వెళ్ళే ఓపిక మాత్రం నాకు ఉండదు."

నేను చదివిన వ్యాసాలన్నిటిలోనూ లేని సమాచారం అది. అయిదేళ్ళ మాత్ర మీద తనకు నమ్మకం లేదన్న సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రేడియేషన్ మానుకోవచ్చన్న వాదన మొత్తం ఆ మాత్ర మీదే ఆనుకొని ఉన్నప్పుడు, అంతకన్నా ముఖ్యమైన వైద్య సమాచారం ఇంకేముంటుంది? డాక్టరుగారికి ఈ మాట చెబితే ఆవిడ కాసేపు ఆగి, "అమ్మ సరిగ్గా ఆలోచించారు" అన్నారు. 15 విడతల్లో మూడు వారాలు రేడియేషన్ జరిగింది. చర్మం ఎర్రబడింది, అలసట నెల రోజులు ఉంది. అదే కాగితం ముందు పెడితే ఇంకొక తల్లి రేడియేషన్ వద్దని, మాత్రలు చాలునని అనవచ్చు. ఆమె నిర్ణయమూ అంతే సరైనది. అమ్మ రేడియేషన్ తీసుకుందని ఇక్కడ ఎవరికీ రేడియేషన్ సిఫారసు చేయడం లేదు.

ఇక్కడ ఒక ఎదురుమాట వస్తుందని తెలుసు. "మా అమ్మ అలా కాదు, 'నాకేం తెలుసు, నువ్వే చూడు' అంటుంది" అని చాలామంది అంటారు. అలా అనే తల్లులు ఉన్నారు, వాళ్ళను బలవంతంగా అంకెల ముందు కూర్చోబెట్టడం కూడా క్రూరత్వమే. అయితే అడిగిన తరువాత "నువ్వే చూడు" అనడం ఒక నిర్ణయం. అడగకముందే ఆమె అలాగే అంటుందని మనం ఊహించుకోవడం నిర్ణయం కాదు. పైగా ఆ మాట ఒక్కసారి చెబితే అన్నిటికీ వర్తించదు. ఏ మందు అన్నది మనకు వదిలేసిన మనిషికే, రొమ్ము ఉంచాలా వద్దా అన్నది, ఎవరికి చెప్పాలి అన్నది, ఏ దశలో ఇక చాలు అనాలి అన్నది తానే తేల్చుకోవాలని ఉండవచ్చు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న తల్లి విషయం వేరు, అక్కడ పిల్లల బాధ్యత నిజంగానే పెద్దది. అప్పుడైనా ఈ పూట ఏది నొప్పిగా ఉంది, ఏది భయంగా ఉంది అన్నవి అడగవచ్చు, జవాబు వస్తుంది.

పిల్లలకు చేయడానికి పని ఉండదా అంటే, కావలసినంత ఉంది. గదిలో డాక్టరు చెప్పింది రాసుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో రోగికి సగం మాటలు వినపడవు. మందులన్నిటి జాబితా, అమ్మ దాచుకున్నవి కూడా చేర్చి, ఒక్క కాగితం మీద ఉంచాలి. అప్పటికే వేసుకుంటున్న కొన్ని మాత్రలు క్యాన్సర్ మందు పనిని తగ్గిస్తాయి. ఉదాహరణకు డిప్రెషన్‌కు ఇచ్చే పరాక్సెటిన్, టామోక్సిఫెన్ శక్తిని తగ్గిస్తుంది. ఆపరేషన్ అయిన వైపు చేయి పైకెత్తే వ్యాయామాలు రోజూ చేయించాలి. కీమో జరుగుతున్నవారైతే జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇవన్నీ చేతులతో, కాళ్ళతో చేసే పనులు. వీటిలో దేనికీ ఆమె గొంతు మన దగ్గర ఉండనక్కరలేదు.

ఈ సంగతులన్నీ తెలిశాక కూడా నేను పూర్తిగా మారలేదు. లెట్రోజోల్ మొదలైన కొత్తలో, అమ్మ నిద్రపోయాక వెళ్ళి మాత్రల అట్ట తీసి లెక్కపెట్టేవాడిని. ఎనిమిదో నెలలో నాలుగు మాత్రలు ఎక్కువ మిగిలాయి. మరునాడు నిలదీశాను. "లెక్కపెడుతున్నావా?" అని మాత్రమే అన్నది, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తెల్లవారి లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి గ్లాసు పట్టుకోలేకపోతున్న సంగతి ఆ సాయంత్రం అక్కకు చెప్పింది. నాకు చెప్పలేదు. నేను లెక్కలు చూసేవాడినయ్యాను, నొప్పి చెప్పుకునే మనిషిని కాకుండా పోయాను.

తరువాతి పరీక్షకు ఆమె లోపలికి ఒంటరిగా వెళ్తానన్నది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పావుగంట తరువాత వచ్చి, మందు మూడు వారాలు ఆపమన్నారని, ఆ తరువాత అదే కోవకు చెందిన ఎక్సెమెస్టేన్‌కు మారుద్దామన్నారని చెప్పింది. చీటీ నా చేతికి ఇవ్వలేదు, తన సంచీలో పెట్టుకుంది. కొత్త మాత్ర మొదలుపెట్టి పది నెలలైంది. వేళ్ళ బిగుతు తగ్గింది, మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఎముకల సాంద్రత పరీక్ష మళ్ళీ వచ్చే నెలలో ఉంది. తారీఖు అమ్మే ఫోను చేసి తీసుకుంది, ఆ రోజు నాకు ఖాళీ ఉంటుందా అని నిన్న అడిగింది.